లూకా 16 గృహనిర్వాహకుడికి ‘కమీషన్’ వివరణ: చాలా ఏళ్లు వాడాక

యేసు చెప్పిన ఈ ఉపమానంలో, యజమాని ఆస్తి పాడుచేశాడని పని పోబోతున్న గృహనిర్వాహకుడు బాకీదారులను పిలిచి వాళ్ల చీటీల్లో అంకెలు తగ్గించి రాయిస్తాడు, అయినా యజమాని వాణ్ని మెచ్చుకుంటాడు. దానికి చెప్పే ‘కమీషన్’ వివరణ చేసే పని ఒక్కటే, దొంగను దొంగ కాదంటుంది. నూనె చీటీలో తగ్గిన 50 మణుగులూ, గోధుమ చీటీలో తగ్గిన 20 తూములూ యజమానివి కావట. అవి గృహనిర్వాహకుడికి రావలసిన కమీషనట. తన కడుపు కట్టుకుని స్నేహితులను సంపాదించుకున్నాడు కాబట్టే యజమాని మెచ్చుకున్నాడట. ‘ప్రభువు మోసాన్ని మెచ్చుకున్నాడా?’ అని యూత్ మీటింగులో ఎవరైనా లేచి అడిగితే దీంతో రెండు నిమిషాల్లో కూర్చోబెట్టవచ్చు. ఆ సుఖానికి అలవాటుపడే ఇన్నేళ్లు వాడాను. ఇప్పుడు దీని మీద కోపంగానే ఉంది.

ముందు మంచి చెప్పాలి. మనవాళ్లకు దీన్ని విప్పి చెప్పాల్సిన పనే ఉండదు. అసలూ వడ్డీ కలిపి ఒకే అంకె వేసి నోటు రాయించుకోవడం తెలియని ఊరు లేదు. తెలంగాణలో నాగుకు (పంట వచ్చాక ఎక్కువ గింజలు కొలిచి తీర్చే అప్పుకు) వడ్లు తెచ్చుకున్న ఇళ్లలోనైతే ‘చీటీలో 100 అని ఉన్నా ఇచ్చింది 100 కాదు’ అంటే ముసలివాళ్లు ముందే తల ఊపుతారు. మోషే ధర్మశాస్త్రం సాటి ఇశ్రాయేలీయుడి దగ్గర వడ్డీ పుచ్చుకోవద్దంది (నిర్గమ 22:25, లేవీ 25:36-37, ద్వితీ 23:19). అందుకని చీటీలో ‘వడ్డీ’ అన్న మాటే కనిపించకుండా మొత్తం సరుకు లెక్కలో రాసేవారన్నది దీని పునాది. ఇక్కడివరకు గట్టిదే.

కాకపోతే ప్రసంగాల్లో ‘కమీషన్’ పేరుతో తిరుగుతున్నది ఒక్క వివరణ కాదు, రెండు. 1961లో డెర్రెట్ అనే పండితుడు చెప్పినదాని ప్రకారం కొట్టేసింది వడ్డీని. అది యజమాని ఖాతాలోకి వెళ్లేదే. కాని ధర్మశాస్త్రం ఒప్పుకోని వడ్డీ కనుక యజమాని నోరెత్తలేడు, పైగా ఊళ్లో భక్తిపరుడన్న పేరు ఊరికే వచ్చిపడుతుంది. 1964లో ఫిట్స్‌మయర్ అనే మరో బైబిలు పండితుడు చెప్పినదాని ప్రకారం కొట్టేసింది నిర్వాహకుడి సొంత లాభం. మొదటిదానిలో నష్టం యజమానిది, రెండోదానిలో నౌకరుది. యజమాని ఎందుకు మెచ్చుకున్నాడనడానికి మొదటిదాని జవాబు తెచ్చుకుని, నౌకరు తప్పు చేశాడా అనడానికి రెండోదాని జవాబు చెబితే వినడానికి బాగుంటుంది, నిలబడదు. నేనూ చాలాకాలం అలాగే కలిపి చెప్పాను.

అసలు చెడిపోయేది కొలతల దగ్గర. మన పాత అనువాదంలో మణుగులు, తూములు అని ఉండటంతో ఇది బయటపడటానికి ఆలస్యమవుతుంది. మణుగంటే మనకు 8 వీశెలు, పదకొండు కిలోల పైచిలుకు. నూరు మణుగులంటే టన్నుకు కాస్త ఎక్కువ. గ్రీకులో ఉన్న మాట ‘బతొస్’, హెబ్రీ ‘బత్’. దొరికిన పాత జాడీల లెక్కన అది సుమారు 22 లీటర్లు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్క పడితే 39 దాకా పోతుంది. తక్కువ లెక్కే తీసుకున్నా నూరు బత్‌లంటే 2,200 లీటర్లు, రెండు టన్నుల నూనె. గోధుమల దగ్గర తేడా ఇంకా పెద్దది. 20 తూములు పుట్టి కాబట్టి నూరు తూములు 5 పుట్లు. నెల్లూరు పుట్టి 850 కిలోలనుకుంటే నాలుగు టన్నుల చిల్లర. గ్రీకులోని ‘కోరొస్’ అయితే పది బత్‌లు. నూరు కోర్లు 22,000 లీటర్లు, గోధుమలైతే 17 టన్నుల దాకా. అంటే వీళ్లు పూట గడవని కౌలుదార్లు కారు, భారీ సరుకు ఆడించేవాళ్లు. తెలుగులో చదివినప్పుడు కనబడే పేద రైతు బొమ్మ కొలతల వల్ల వచ్చింది.

ఇప్పుడు కమీషన్ లెక్క వేయండి. నూనెలో అసలు 50, కమీషన్ 50: నూటికి నూరు. గోధుమల్లో అసలు 80, కమీషన్ 20: నూటికి ఇరవై ఐదు. నూనెలో కల్తీకి వీలెక్కువ, ప్రమాదమెక్కువ, కాబట్టి రేటూ ఎక్కువని డెర్రెట్ సర్దుతాడు. వడ్డీకైతే ఆ సర్దుబాటు పనికొస్తుంది. కమీషన్‌కు రాదు. ఒక్క చీటీ మీద 1,100 లీటర్ల నూనె తన వాటాగా రాసుకునే గుమాస్తాను ఏ యజమానీ ఉంచుకోడు. మార్కెట్ యార్డు దళారీకి కూడా అంత ధైర్యం ఉండదు.

కొలతలు ఎవరూ అడగకపోయినా 5వ వచనం దగ్గర దొరికిపోతాం. ‘నీవు నా యజమానునికి ఎంత అచ్చియున్నావు’ అని అడుగుతాడు; బాకీదారుడు నూరు అంటాడు. ఆ నూరూ యజమానిదే, నౌకరు వాటా ప్రస్తావన ఎక్కడా లేదు. 6వ వచనంలో ‘త్వరగా కూర్చుండి’ ఉంది. సొంత సొమ్ము వదులుకునేవాడికి తొందర దేనికి? దీనికి ఇప్పటివరకు నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

ఇంకొకటుంది. వాణ్ని ‘అన్యాయస్థుడైన’ అని పిలిచేది 8వ వచనంలో, చీటీలు మార్చాక. అది మునుపటి దుబారాను ఉద్దేశించిన మాట అని కమీషన్ పక్షం వాళ్లంటారు. సరే అనుకున్నా, లూకా 18:6లో ‘అన్యాయస్థుడైన ఆ న్యాయాధిపతి’ ఉన్నాడు; గ్రీకులో రెండుచోట్లా ఒకటే పదాల పొందిక. ఆ న్యాయాధిపతిని మంచివాడిగా చూపించాలని ఎవరికీ అనిపించలేదు. వాడు చెడ్డవాడు కాబట్టే ఉపమానం పనిచేస్తుంది: వాడే విధవరాలికి న్యాయం తీర్చాడంటే దేవుడు తీర్చడా అని. పాతకాలపు సంఘ బోధకుడు అగస్టీను కూడా మన గృహనిర్వాహకుణ్ని దాదాపు ఇలాగే చదివాడు. మోసం చేసినవాడికే మెప్పు దొరికితే, దేవుని ఆజ్ఞ ప్రకారం ఇచ్చినవాడి సంగతేమిటని. వీణ్ని మంచివాణ్ని చేస్తే 8వ వచనంలోని నవ్వే పోతుంది. మోసపోయినవాడే ‘భలే’ అనడంలో ఉన్న నవ్వు అది.

ఇప్పుడు నేను వాడే పద్ధతి వేరు. 15:11 నుంచి ఆపకుండా 16:8 మధ్యదాకా, ‘మెచ్చుకొనెను’ వరకు చదివిస్తాను. అధ్యాయం నంబరు దగ్గర ఆగనివ్వను, ఆ నంబర్లు 13వ శతాబ్దంలో వచ్చి చేరినవి. తప్పిపోయిన చిన్న కొడుకు ఆస్తిని ‘పాడుచేసెను’, గృహనిర్వాహకుడు ‘పాడుచేయుచున్నాడు’: గ్రీకులో ఒకటే క్రియ, మన అనువాదకులు దాన్ని నిలబెట్టారు, వాళ్లకు దండం. తర్వాత 12:17 తీయిస్తాను. అక్కడ ధనవంతుడు ‘నేనేమి చేతును’ అనుకుని కొట్లు కట్టుకుంటాడు. ఇక్కడ వీడూ అదే ప్రశ్న వేసుకుని మనుషుల ఇళ్ల వైపు తిరుగుతాడు. చివర్లో 18:6. మొత్తం నలభై నిమిషాలు పడుతుంది.

ఇందులోనూ లోటుంది. ‘అయితే దేవుడు మరెంత’ అన్న మాట 16వ అధ్యాయంలో పైకి లేదు, మనం తెచ్చుకోవాలి. 9వ వచనంలో ‘నిత్యమైన నివాసములు’ గ్రీకులో గుడారాలు. ఇళ్లు ఆశించినవాడి కథ చెప్పి గుడారాలు ఎందుకన్నాడో ఈ పద్ధతి చెప్పదు. అదే అధ్యాయం చివర లాజరు కథ ఉంది కాబట్టి, గుమ్మం దగ్గరున్నవాణ్ని స్నేహితుణ్ని చేసుకోని ధనవంతుడితో పోల్చి కొంతవరకు లాక్కొస్తాను.

కమీషన్ వివరణను పారేయమని అనను. నాకు దొరికేది బైబిళ్లు చేతిలో పట్టుకుని గంట కూర్చునే గుంపు కాబట్టి నాకిది అక్కర్లేకుండా పోయింది. వీధి కూటంలో పది నిమిషాలే ఇచ్చి, ముందు వరుసలో ఎవరో ‘మీ దేవుడు దొంగల్ని మెచ్చుకుంటాడటగా’ అంటే, మొదటి మాటగా ఇప్పటికీ పనికొస్తుంది. అయితే డెర్రెట్ చెప్పిన వడ్డీ రూపమే చెప్పండి, 5వ వచనం మాత్రం ముందే చదివేయండి. లేకపోతే అవతలివాడే చదువుతాడు.