బ్రోకరు రిపోర్టులతో ఆరేళ్లు: లాభనష్టాల పేజీ, లెడ్జరు, నడుమ తేడా

జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు రాయడం నా వృత్తి. 2019లో తక్కువ కమీషన్‌కు షేర్లు కొని అమ్మిపెట్టే ఒక డిస్కౌంట్ బ్రోకరు దగ్గర షేర్లు దాచే డీమ్యాట్ ఖాతా, వాటిని కొని అమ్మే ట్రేడింగ్ ఖాతా తెరిచాను. అప్పటి నుంచి ఏటా మార్చి ముగియగానే ఆ బ్రోకరు వెబ్‌సైటులోని రిపోర్టులన్నీ దించుకొని, ఖాతా ఎలా నడిచిందో తేల్చుకుంటున్నాను. వాటిలో ఏ రిపోర్టు ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

మొదటి రెండేళ్లు నేను లాభనష్టాల పేజీ ఒక్కటే చూసేవాణ్ణి. 2021 మార్చి నాటికి ఆ ఏడాది అమ్మకాల మీద 18,460 రూపాయల లాభం వచ్చినట్లు ఆ పేజీ చెప్పింది. కానీ ఖాతాలో డబ్బు జమలు, కోతలు తేదీలవారీగా ఉండే లెడ్జరు తెరిచి, బ్యాంకు నుంచి పంపిన డబ్బు, తిరిగి తీసుకున్న డబ్బు, మిగిలిన నిల్వ, చేతిలో ఉన్న షేర్ల కొనుగోలు ఖరీదు అన్నీ కలిపి చూస్తే నాకు నిజంగా మిగిలింది 15,060 రూపాయలే. ఆ పేజీ కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడాను మాత్రమే లెక్కిస్తుందని, చార్జీలను పక్కన వేరే గడిలో పెడుతుందని, కొన్నింటిని అసలు చూపదని అప్పుడు అర్థమైంది. తేడాగా వచ్చిన 3,400లో సగం ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీల మీద ప్రభుత్వం వేసే పన్ను. డెలివరీ షేర్లకు (అదే రోజు అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకునేవాటికి) కొన్నప్పుడూ అమ్మినప్పుడూ నూటికి పది పైసల చొప్పున అది పడుతుంది. ఇంకో మూడో వంతు డీపీ చార్జీలు, అంటే అమ్మిన షేర్లు డీమ్యాట్ ఖాతా నుంచి బయటికి వెళ్లినప్పుడు పడే రుసుము. ఒక కంపెనీ షేర్లు ఒక రోజు ఎన్ని అమ్మినా ఒకసారి పడే ఈ చార్జీ, ఆ రోజు లావాదేవీలకు బ్రోకరు పంపే కాంట్రాక్టు నోటులో కనిపించదు, నేరుగా లెడ్జరులోకి ఎక్కుతుంది. ఆ ఏడాది నేను చిన్న చిన్న మొత్తాలుగా డెబ్బై రెండు సార్లు అమ్మాను. అందుకే అంత భారమైంది.

మా యార్డులో పల్లీ అమ్ముకున్న రైతుకు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఇచ్చినప్పుడు ఆయన చూపు ముందు అట్టడుగు అంకె మీదకే పోతుంది. హమాలీ, దడ్వాయి (తూకం వేసేవారి) ఖర్చులు పోగా చేతికి ఎంత వస్తుందన్నదే ఆయనకు లెక్క. నేను రోజూ రాసి ఇచ్చే కాగితంలోని ఆ క్రమాన్ని నా సొంత ఖాతాలో చూసుకోవడానికి రెండేళ్లు పట్టింది. షేర్ల రాబోయే ధరల మీద ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఆ విభాగంలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనంలో ఉంది.

కంపెనీ ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్ల విషయంలో ఎదురైన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 డిసెంబరులో రిలయన్స్ షేర్లు 2,480 చొప్పున నలభై కొన్నాను. 2024 అక్టోబరు 28న ఒకటికి ఒకటి బోనస్ లెక్కలోకి రాగానే ధర సగానికి దిగింది. కొత్త షేర్లు ఖాతాలో పడేదాకా చేతిలో ఉన్న షేర్లు చూపే హోల్డింగ్స్ పేజీ నా పెట్టుబడిలో దాదాపు సగం పోయినట్లు ఎర్రగా చూపించింది. తరువాత ఎనభై షేర్లు, సగటు 1,240 అని సరిచేసింది. 2025 ఏప్రిల్ చివర్లో 1,300 దగ్గర నలభై అమ్మాను. సగటు ప్రకారం చూస్తే 2,400 రూపాయల లాభం. పన్ను రిపోర్టు మాత్రం 47,200 నష్టం చూపించింది. అది చూసి రిపోర్టు తప్పనుకొని బ్రోకరుకు మెయిల్ కూడా పెట్టాను. తప్పు లేదు. ఆదాయపు పన్ను నియమాల ప్రకారం డీమ్యాట్‌లో ముందు వచ్చిన షేర్లే ముందు అమ్ముడైనట్లు లెక్క, బోనస్ షేర్ల ఖరీదు సున్నా. అంటే నేను అమ్మినవి 2,480కి కొన్న పాత నలభై. మిగిలిన నలభై ఎప్పుడు అమ్మితే అప్పుడు వచ్చిన మొత్తమంతా లాభంగానే కనిపిస్తుంది. రెండు అంకెలూ సరైనవే అయినా, తేడా ఎందుకు వచ్చిందో పన్ను రిపోర్టులో ఒక్క వాక్యమైనా రాయకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

అదే పన్ను రిపోర్టును మెచ్చుకోక తప్పని సందర్భమూ ఉంది. 2024 జూలై 23 నుంచి స్వల్పకాలిక లాభాలపై పన్ను 15 నుంచి 20 శాతానికి, దీర్ఘకాలిక లాభాలపై 10 నుంచి 12.5 శాతానికి పెరిగినప్పుడు, ఆ తేదీకి ముందరి అమ్మకాలను, తరువాతి వాటిని విడివిడిగా తీసి ఇచ్చింది. మహబూబ్‌నగర్‌లోని మా ఆడిటరు గారికి పంపితే ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

రాబడి శాతం సంగతికి వస్తే ఈ రిపోర్టులు బలహీనం. ఏప్రిల్‌లో లక్ష, మళ్లీ మార్చి మొదట్లో ఇంకో లక్ష పెట్టి ఏడాది చివరికి పన్నెండు వేలు సంపాదిస్తే, బ్రోకరు పేజీ రెండు లక్షల మీద ఆరు శాతం అని చూపుతుంది. రెండో లక్ష పని చేసింది ఒక్క నెలే కదా! తేదీలతో సహా ఎక్సెల్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ (డబ్బు పెట్టిన తేదీలను బట్టి వార్షిక రాబడి తేల్చే సూత్రం) కడితే సుమారు 11 శాతం వస్తుంది. అదీగాక డివిడెండ్లు నేరుగా బ్యాంకు ఖాతాకే పోతాయి కనుక బ్రోకరు లెక్కలో అవి ఉండవు. వాటిని పాసుబుక్కు చూసి నేనే చేర్చుకుంటాను.

2022లో వేరే డీమ్యాట్ నుంచి తెచ్చుకున్న పాత షేర్లకు కొన్న ధర లేక, బ్రోకరు రిపోర్టు వాటి విలువంతా లాభంగా చూపింది. ధర మనమే నింపే వీలుందని కస్టమర్ కేర్ మూడో మెయిల్‌కు గాని చెప్పలేదు.

ఇప్పుడు నెలకోసారి లెడ్జరు దించుకొని నా ఎక్సెల్ షీటుతో వరుస వరుసా సరిచూస్తున్నాను, గంట కూడా పట్టదు. పోయిన నెల 13 రూపాయల 50 పైసలు తేడా వచ్చింది. వెతికితే, మూడు నెలల ఖాతా నిర్వహణ రుసుము 75 రూపాయల మీద పడిన జీఎస్టీని నేను రాసుకోలేదు.