బీఎల్‌డీసీ ఫ్యాన్ ఏడాది వాడినాక నా మాట

బీఎల్‌డీసీ అంటే తక్కువ కరెంట్‌తో తిరిగే కొత్తరకం మోటార్ ఉన్న ఫ్యాన్. పోయినేడు మే నెలలో కొన్నా, హాల్‌కి ఒకటి బెడ్రూమ్‌కి ఒకటి. మాది బైరాగిపట్టెడలో పై అంతస్తు, తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా, రాత్రి ఎనిమిదైనా స్లాబ్ సెగ కొడతానే ఉంటాది. హాల్లో అవ్వ పడుకుంటాది కాబట్టి ఆ ఫ్యాన్ రోజుకు తక్కువంటే 18 గంటలు తిరగాల్సిందే. ఒక్కోటి 2,900 పడింది. మా నాయన అయితే ఫ్యాన్‌కి మూడు వేలా, రెక్కలేమన్నా వెండివా అన్నాడు.

డబ్బా మీద 28 వాట్లు అని ఉంది, పాతది 75. నమ్మకం కుదరక ఒక పని చేసినా, మీరూ చేసి చూడండి. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి ఒక్క పాత ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి మీటర్ దగ్గర నిలబడినా. మా మీటర్ మీద యూనిట్‌కి 3200 అని రాసుంటాది, అంటే ఆ ఎర్ర లైటు 3200 సార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అన్నమాట. పాత ఫ్యాన్‌కి 15 సెకన్లకోసారి మినుక్కుమన్నింది, కొత్తది బిగించినాక మళ్ళీ చూస్తే 40 సెకన్లు పట్టింది, నాయన కూడా వచ్చి ఫోన్లో టైమర్ పెట్టుకోని చూసినాడు, ఇంక ఆ వెండి రెక్కల మాట ఎత్తలే.

పోయిన ఏప్రిల్లో 262 యూనిట్లు, ఈ ఏప్రిల్లో 221, ఏసీ లేదు, ఇంట్లో మిగతావన్నీ అవే. 225 దాటితే మనకి ఆ పైన యూనిట్ 8.75, 126 నుంచి 225 లోపలి యూనిట్లకి 6 రూపాయలు, కాబట్టి సుమారు 350 తగ్గింది. సర్దుబాటు ఛార్జీలని వేరే వేస్తారే, వాటి గురించి మాట్లాడను, బీపీ వస్తాది. చలికాలంలో అయితే పెద్ద తేడా కనపడలే.

గాలి బాగుంది, వోల్టేజ్ పడిపోయినా స్పీడ్ తగ్గదు, కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ ముందుకంటే చానాసేపు వస్తాంది.

ఇంక తలనొప్పులు. బిగించేదానికి వచ్చినాయన పాత రెగ్యులేటర్ అట్నే పెట్టేసి పోయినాడు, రెండు రోజులు ఫ్యాన్ గుయ్యిమంటా తిరిగి తిరిగి ఆగింది, ఈ ఫ్యాన్లకి రెగ్యులేటర్ ఉండకూడదంట, అది తీసేసి డైరెక్ట్ ఇస్తే సరిపోయింది. రిమోట్ ఇంకో కథ. రెండిటి రిమోట్లూ ఒకటే, ఏదైనా దేనికైనా పనిచేస్తాది, మధ్య తలుపు తీసుంటే హాల్లో అవ్వ తగ్గిస్తే బెడ్రూమ్‌లో మాది తగ్గుతాంది, అర్ధరాత్రి చెమటలు పట్టి లేస్తే అవ్వ హాయిగా నిద్రపోతా ఉంటాది, రిమోట్ దిండు కింద. "ఆ తిప్పేది గోడకుంటే నాకు చీకట్లో కూడా దొరికేది రా" అని ఇప్పటికీ అంటాది, ఆమె చెప్పింది కరెక్టే.

నాలుగు నెలలకి బెడ్రూమ్‌ది లోపలి బోర్డు పోయింది. వారంటీ ఉంది గానీ మనిషి వచ్చేదానికి 12 రోజులు, అదీ నేను రోజు మార్చి రోజు ఫోన్ చేస్తే. కొనేముందు తిరుపతిలోనే సర్వీస్ మనిషి ఉన్నాడా అని షాపాయన్ని గట్టిగా అడగండి, బిల్లు మీద తేదీ రాయించుకోండి.

వంటింట్లోది మాత్రం మార్చలే, అది తిరిగేదే రోజుకు అరగంట.