బాత్రూములో పెద్దవాళ్ళ కోసం పెట్టించినవి: నాలుగేళ్ళు వాడాక ఏవి నిలిచాయి, ఏవి అటకెక్కాయి

హైదరాబాదు మెహదీపట్నంలో పాత అపార్ట్‌మెంటు. బాత్రూము 7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. వాడేది మా ఇంట్లో పెద్దవాళ్ళిద్దరు. ఆవిడకి 79 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆయనకి 83, పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచేతికి పట్టు లేదు. ఈ నాలుగేళ్ళలో ఆ చిన్న గదిలోకి మూడు రకాల గ్రాబ్ బార్లు (పట్టుకుని లేవడానికి గోడకి పెట్టే కడ్డీలు), ఎత్తు సీటు, కమోడ్ ఫ్రేము, స్నానం స్టూలు, వాకరు, వైర్‌లెస్ బెల్లు, సెన్సర్ లైటు వచ్చాయి. సగం అటకెక్కాయి. అవి నాసిరకమై కాదు. మన గోడకీ, మన బోరు నీళ్ళకీ, మనం నీళ్ళతో కడుక్కునే అలవాటుకీ కుదరక. ఈ మూడింటినీ చూడకుండా ఎంత ఖరీదైనది కొన్నా డబ్బు వృథా.

ముందుగా తీసేసింది వాక్యూమ్ కప్పులతో అతుక్కునే బారు. డ్రిల్లింగ్ అక్కర్లేదు, అద్దె ఇంటికి సరిపోతుంది అంటారు. నున్నటి, వెడల్పాటి టైలు మీద పెట్టిన రోజున గట్టిగానే ఉంటుంది. కానీ కప్పు అంచు టైళ్ళ మధ్య గ్రౌట్ గీత మీదికి వచ్చిందంటే గాలి దూరుతుంది. గరుకు టైలైతే అసలు పట్టదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉప్పు నీళ్ళు. వారం తిరిగేసరికి టైలు మీద తెల్లటి పొర కడుతుంది, ఆ పొర మీద కప్పు నెమ్మదిగా జారుతుంది. ఊడిపోయే ముందు చప్పుడు కూడా చెయ్యదు. పడిపోతున్న మనిషి దాన్నే నమ్మి పట్టుకుంటారు కాబట్టి ఇది లేకపోవడమే మేలు. టవల్ రాడ్డుకి కూడా ఇదే మాట. అది తడి తువ్వాలు బరువుకి చేసింది, మనిషి బరువుకి కాదు. అమెరికా వాళ్ళ వికలాంగుల చట్టం (ఏడీఏ) ప్రమాణం ప్రకారం గ్రాబ్ బారు 250 పౌండ్లు, అంటే 113 కిలోల బలాన్ని ఆపాలి. ఆ అంకె గుర్తు పెట్టుకుని దుకాణానికి వెళితే చాలా సరుకు అక్కడే పక్కకి పోతుంది.

బారు కొనేముందు గోడ ఏమిటో తెలుసుకోవాలి. కనపడని మూల చిన్న బెజ్జం వేసి పొడి రంగు చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, ఇబ్బంది లేదు. బూడిదరంగులో వచ్చి డ్రిల్లు కష్టంగా దిగితే సిమెంటు బ్లాకు, అదీ మంచిదే. తెల్లటి మెత్తని పొడి వచ్చి, బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగిందంటే అది ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకు. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇదే. దీనిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు నిలవదు. నెలలపాటు రోజూ లాగుతుంటే బెజ్జం లోపల పిండి అయిపోయి స్క్రూతో సహా బయటికి వస్తుంది. గోడ 4 ఇంచులదై, అవతల పడకగది ఉంటే చక్కని ఉపాయం ఒకటుంది. గోడలోంచి ఆరపార 10 మిల్లీమీటర్ల త్రెడెడ్ రాడ్డు దూర్చి, అవతలివైపు 4 ఇంచుల చదరపు ఇనుప ప్లేటు పెట్టి నట్టు బిగించడం. పడకగదిలో ప్లేటు కనబడుతుంది, రంగు వేసుకుంటే సరి. అవతలికి వెళ్ళే వీలు లేకపోతే, బెజ్జంలో రెసిన్ జిగురు నింపి రాడ్డుని అతికించే కెమికల్ యాంకర్. అది గట్టిపడేదాకా, డబ్బా మీద రాసినంత సేపు, ముట్టుకోకూడదు.

ఇటుక గోడలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. బారుతోపాటు డబ్బాలో వచ్చే స్క్రూలు చాలావాటిలో 50 మిల్లీమీటర్లు. టైలు మందం 10, దాని వెనక సిమెంటు మాలు 20. ఇటుకలోకి దిగేది 20 కూడా ఉండదు. బారు టైలుని పట్టుకుని ఉంటుందే తప్ప గోడని కాదు. ఆవిడ బారుకి మొదటిసారి ఇలాగే జరిగింది. మూడో నెలలో టైలు చుట్టూ గ్రౌట్ పగిలి గీతలు వచ్చాయి. 75 మిల్లీమీటర్ల స్టీలు స్క్రూలు, వాటికి తగిన పొడుగు ప్లగ్గులు వేశాక మళ్ళీ కదల్లేదు. ఇలాంటి సామాను రాణిగంజ్‌లో విడిగా దొరుకుతుంది. డ్రిల్లు వేసేవాళ్ళకి రెండు మాటలు ముందే చెప్పాలి. టైలు దాటేదాకా హ్యామర్ మోడ్ వద్దు, టైలు బిట్టుతోనే నెమ్మదిగా. కుళాయిలకీ గీజర్ పాయింట్లకీ నిలువుగా పైనా కిందా వద్దు, గోడలోపల పైపులు అటే పోతాయి. స్క్రూ దించేముందు బెజ్జంలో కాస్త సిలికాన్ నింపితే తేమ గోడలోకి వెళ్ళదు. బిగించిన మర్నాడు ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి రెండు చేతులా వేలాడి చూడాలి. పెద్దవాళ్ళు పట్టుకోవడం ఆ తర్వాతే.

ఎత్తు విషయంలో పుస్తకం కొలతలు మన పెద్దవాళ్ళకి నప్పవు. కమోడ్ పక్కన అడ్డంగా పెట్టే బారుకి ఏడీఏ చెప్పేది నేల నుంచి 33 నుంచి 36 ఇంచులు. ఆవిడ ఎత్తు 4 అడుగుల 10 ఇంచులు. ఆ ఎత్తున బారు పెడితే భుజం ఎగదోసి లేవాలి. మాకు పనికొచ్చిన పద్ధతి ఇది: అరచేతికి తడి పసుపు రాసుకుని కమోడ్ మీద కూర్చుని, మామూలుగా లేచేటప్పుడు గోడని ఎక్కడ ఆనుకుంటారో అక్కడ ఆననివ్వడం. పొద్దున ఒకసారి, కాళ్ళు బిగుసుకుపోయి ఉండే రాత్రివేళ ఒకసారి, అలా మూడు రోజులు. తెల్ల టైలు మీద ఆరు పసుపు ముద్రలు పడ్డాయి. ఐదు ఒకదాని మీద ఒకటి, నేల నుంచి 28 ఇంచుల దగ్గర. బారు అక్కడే పెట్టాం, ఇన్నేళ్ళలో మార్చాల్సిన పని పడలేదు. గోడకీ బారుకీ మధ్య సందు 38 మిల్లీమీటర్లు ఉంటే వేళ్ళు దూరతాయి, మోచెయ్యి జారి ఇరుక్కోదు. లావు 32 మిల్లీమీటర్లు చాలు. చిన్న చేతులకి అంతకన్నా లావైతే పిడికిలి మూసుకోదు.

ఆయన సంగతి వేరు. కూర్చున్నప్పుడు గోడ కుడివైపున ఉంది, పట్టు లేనిదీ కుడిచెయ్యే. ఆ బారు ఆయనకి ఉన్నా లేనట్టే. ఎడమవైపు ఖాళీ. ఇక్కడ ఆదుకున్నది కమోడ్ ఫ్రేము: రెండు చేతులు, నాలుగు కాళ్ళు ఉన్న కమోడ్ కుర్చీ. కింది బకెట్టు తీసేసి ఉన్న కమోడ్ మీదే నిలబెట్టాం. కోఠీలో సర్జికల్ దుకాణాల్లో వరసగా ఉంటాయి. కొనేముందు మూడు కొలతలు రాసుకుని వెళ్ళాలి. కమోడ్‌కి రెండువైపులా ఎంత ఖాళీ ఉంది, వెనక ఫ్లష్ ట్యాంకు ఎంత ముందుకి వచ్చింది, నేల నుంచి కమోడ్ ఎత్తు ఎంత. ఫ్రేము వెనక అడ్డ రాడ్డు ఫ్లష్ ట్యాంకుకి తగిలి, సీటు బెజ్జం కమోడ్‌కి ముందుకి పడడం చాలా ఇళ్ళలో వచ్చే తంటా. ఇనుముకి పెయింటు వేసిన ఫ్రేము తీసుకోవద్దు. ఏడాదిలోపే వెల్డింగు అతుకుల దగ్గర పొక్కులు లేచి తుప్పు మొదలైంది. తర్వాత తెచ్చిన అల్యూమినియం ఫ్రేము మూడో ఏడు నడుస్తోంది.

ఎత్తు సీటు మీద ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళందరూ మొదట కొనేది ఇదే. కమోడ్ మీద బిగించే ప్లాస్టిక్ సీటు, 2, 4, 6 ఇంచుల్లో వస్తుంది. దుకాణంలో చేతికి ఇచ్చేది మాత్రం ఎక్కువగా 4 లేదా 6. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. పొట్టి మనిషికి మామూలు 16 ఇంచుల కమోడ్ మీద 4 ఇంచులు చేరిస్తే కాళ్ళు వేలాడతాయి, విరేచనానికి ముక్కాల్సి వస్తుంది, దిగేటప్పుడు ముందుకి జారతారు. ఆవిడకి 2 ఇంచులే సరిపోయాయి. అసలు లోపం వేరే ఉంది. ఈ సీటు కాగితంతో తుడుచుకునేవాళ్ళ కోసం చేసినది. హెల్త్ ఫాసెట్ పట్టుకున్న చెయ్యి లోపలికి వెళ్ళడానికి ముందు సందు ఉండదు, నీళ్ళు సీటుకీ కమోడ్‌కీ మధ్య నిలిచి రెండు రోజులకే వాసన. పక్క క్లాంపులు తడికి వదులై, ఒకవైపు బరువు వెయ్యగానే సీటు వాలుతుంది. ముందువైపు తెరిచి ఉన్న రకం కొంత నయం. సొంత ఇల్లయితే మాత్రం ఈ గొడవ లేకుండా కమోడ్ కిందే 2 ఇంచుల సిమెంటు దిమ్మ కట్టించి పైపుని ఆ మేరకి పొడిగించడం ఉత్తమం. కొత్తగా గోడకి వేలాడే కమోడ్ పెట్టించేవాళ్ళు మొదటి రోజే ఎత్తు చెప్పాలి. ఒకసారి గోడ మూశాక ఇక మార్చలేరు.

హెల్త్ ఫాసెట్ మీట బిగువుగా ఉండి ఆయన ఎడమ బొటనవేలికి నొప్పి. మీట నొక్కి పట్టుకోనక్కర్లేకుండా, కింద కుళాయిని మోచేత్తో తిప్పుకునే పొడుగు పిడి రకం వేయిస్తే తీరింది. గుండ్రటి కుళాయిలన్నీ అలాగే మార్చేశాం, ప్లంబరుకి ఒక పూట పని.

స్నానం: బకెట్టూ మగ్గూ వదలరు, వదలమనడం కూడా తప్పు. కానీ స్టూలు మీద కూర్చుని నేల మీది బకెట్టులోకి వంగితే తల తిరుగుతుంది. బకెట్టుని 12 ఇంచుల పీట మీద పెడితే మగ్గు వంగకుండా అందుతుంది. అయితే బకెట్టు 16 ఇంచులు, పీట 12, మొత్తం 28. గోడ కుళాయి మా ఇంట్లో 26 ఇంచుల ఎత్తున ఉంది. బకెట్టు దాని కిందికి పోదు. కుళాయికి అడుగున్నర గొట్టం తొడిగాం, అంతే. ముందు చన్నీళ్ళు, తర్వాతే వేడినీళ్ళు పట్టాలి. గీజర్ థర్మోస్టాట్ 50 డిగ్రీలు దాటనివ్వలేదు. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ పల్చటి చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాల్చేస్తాయి, స్పర్శ తగ్గిన చేతికి ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

నేల జారడానికి నీళ్ళొక్కటే కారణం కాదు. ఉప్పు నీళ్ళలోని కాల్షియంతో సబ్బు కలిస్తే జిగురు పొర అవుతుంది. తలంటు రోజున దాని మీద నువ్వుల నూనె, సున్నిపిండి కూడా చేరితే గరుకు టైలు సైతం అద్దంలా అవుతుంది. అతికించే యాంటీ స్కిడ్ టేపు రెండు నెలల్లో అంచులు లేచి, కాలివేలికి తట్టుకునే కొత్త ప్రమాదమైంది. పీకేశాం. రంధ్రాలున్న రబ్బరు మ్యాటు వాడుతున్నాం. రోజూ ఎత్తి నిలబెట్టి ఆరనివ్వాలి, లేకపోతే అడుగున పాచి పట్టి మ్యాటే జారుతుంది.

మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడిగే అలవాటు మన ఊళ్ళో గట్టిది. ఆ యాసిడ్ స్టీలు బారుకి విషం. 304 రకం స్టీలు మీద కూడా గోధుమరంగు చుక్కలు లేస్తాయి, పొగ తగిలినా చాలు. 202 రకమైతే స్క్రూల దగ్గర తినేస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందనే మాట నమ్మొద్దు, ఈ రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమే దారి. మరకలకి అర లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పది నిమిషాలు ఉంచి కడిగితే పోతాయి. నేల తాండూరు బండో షాబాదు బండో అయితే అదీ వద్దు, అవి సున్నపురాయి, పులుపుకి కరిగిపోతాయి.

వాకరు గురించి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు గీత ఎంత ఎత్తున ఉంటుందో, పిడి అంత ఎత్తున ఉండాలి. నాలుగు కాళ్ళ బటన్లూ ఒకే ఎత్తు బెజ్జాల్లో టక్కుమని పడ్డాయో లేదో వేలు పెట్టి చూడాలి. కాలి కింది రబ్బరు బుష్షులే దీని ప్రాణం. లోపల స్టీలు వాషరు ఉన్నవే కొనాలి. లేనివైతే అల్యూమినియం గొట్టం అంచు కత్తిలా రబ్బరుని కోసుకుంటూ కిందికి దిగుతుంది. పైకి బుష్షు బాగానే కనపడుతుంది, ఒకరోజు లోహం నేరుగా టైలుకి తగిలి జారుతుంది. ప్రతి రెండు నెలలకీ తిరగేసి గీతలు అరిగాయేమో చూసి మారుస్తాం. ఆదాయం తక్కువైన 60 దాటినవారికి వాకర్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలోనే మొదలైంది, కాన్పూరులోని అలింకో సంస్థ శిబిరాలు పెట్టి ఇస్తుంది. అలా వచ్చినదానికైనా బుష్షు పరీక్ష తప్పదు.

చూపు మందగించినవారికి తెల్ల గోడ, తెల్ల కమోడ్, మెరిసే బారు అన్నీ ఒకటే. బారుకి ముదురు నీలం టేపు చుట్టాక ఆవిడ తడుముకోవడం మానేశారు. చూపు మరీ తగ్గినవారికి బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో దృష్టి పునరావాస సేవలు ఉన్నాయి.

వైర్‌లెస్ కాలింగ్ బెల్లు బటన్ రెండు చోట్ల కావాలి. ఒకటి కమోడ్ పక్కన, రెండోది నేల నుంచి ఒక అడుగు ఎత్తున, పడిపోయిన మనిషికి అందేలా. బటన్‌లోని చిన్న బ్యాటరీ చెప్పకుండా అయిపోతుంది, అందుకే ప్రతి ఆదివారం నొక్కి చూస్తాం. సెన్సర్ లైటు చార్జింగ్ రకం వద్దు, మూడో నెలకే వెలుగు తగ్గింది. ప్లగ్గులో పెట్టేది తీసుకుని ఇన్వర్టర్ లైనుకి కలిపించాం.

వీటన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయింది, అన్నిటికన్నా ఆలస్యంగా తట్టింది, తలుపు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే బయటివాళ్ళు నెట్టలేరు. బందులు మార్పించి బయటికి తెరుచుకునేలా చేశాం. లోపలి గడియ తీసేసి, బయటినుంచి రూపాయి బిళ్ళతో తిప్పగలిగే తాళం వేయించాం. వడ్రంగి కూలీ, తాళం ఖరీదు తప్ప ఇంకేమీ కాలేదు. అద్దె ఇల్లయితే పాత గడియ, బందులు డబ్బాలో దాచి ఉంచండి, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి ఇవ్వొచ్చు.