ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్‌కు విమానం: ఆరేళ్ల రాకపోకల తర్వాత

ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా నెలకు ఒకటి రెండు సార్లు ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం నుంచి లండన్ హీత్రోకు వెళ్లి వస్తున్నాను. ఈ రెండింటి మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 370 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో లెక్కవేస్తే అరగంట కూడా పట్టకూడదు, కాని టికెట్టు మీద దాదాపు గంటా ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆ సమయం విమానం ఒక గేటు వదిలినప్పటి నుంచి మరో గేటు చేరేదాకా లెక్కించినది. గాలిలో ఉండేది చాలాసార్లు 45 నుంచి 50 నిమిషాలే. అందులోనూ పైకెక్కడం, దిగడం పోగా పూర్తి వేగంతో సాగేది కొద్దిసేపు మాత్రమే.

మిగతా సమయం ఎక్కడ పోతుందో స్కిపోల్‌లో బాగా తెలుస్తుంది. అక్కడ 2003లో ప్రారంభమైన పోల్డర్‌బాన్ అనే 3,800 మీటర్ల రన్‌వే టెర్మినల్‌కు ఎంత దూరంగా ఉందంటే, విమానం నేలమీద పావుగంట నడిచిన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. చుట్టుపక్కల ఇళ్లు తక్కువ కాబట్టి శబ్దం బాధ తగ్గించడానికి దాన్నే ఎక్కువగా వాడతారు. అయితే దాని మీద ఉత్తరం వైపుకే లేస్తారు, దక్షిణం వైపుకే దిగుతారు. అందువల్ల నైరుతి గాలి వీచే రోజున లండన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలి వెనుక నుంచి తోసి కొన్ని నిమిషాలు మిగిల్చినా, పోల్డర్‌బాన్ మీద దిగితే ఆ లాభమంతా నేలమీదే ఖర్చయిపోతుంది.

హీత్రో వైపు కథ వేరు. రెండే రన్‌వేల మీద అంత రద్దీ మోయవలసి రావడంతో, తూర్పు నుంచి వచ్చే విమానాలను లండన్‌కు ఈశాన్యాన ఉన్న లాంబోర్న్ దగ్గర గాలిలోనే చుట్లు తిప్పుతూ వరుసలో నిలుపుతారు. పది నిమిషాలు అలా తిరగడం నాకు మామూలైపోయింది. పడమటి గాలి ఉన్న రోజున దిగేటప్పుడు కిటికీలోంచి థేమ్స్ నది వంపులు కనిపిస్తాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ దృశ్యం కోసం కిటికీ సీటే అడుగుతాను.

మన బంధువులను వెంట తీసుకువెళ్లేవారు ఒక్క సంగతి తప్పక గమనించాలి. నెదర్లాండ్స్‌తో సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా బ్రిటన్‌లో చెల్లదు, అక్కడికి వేరే వీసా కావాలి. షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే, లండన్ చూసి ఆమ్‌స్టర్‌డామ్‌కు తిరిగి రావడానికి అది పనికిరాదు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ముందుగా ఇదే సరిచూశాను.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్‌లోని సెంట్ పాంక్రాస్ స్టేషన్‌కు నేరుగా వెళ్లే రైలుకు సుమారు నాలుగు గంటలు పడుతుంది. నడి లండన్‌లో పని ఉంటే నేను రైలునే ఎంచుకుంటాను, నగరానికి పడమట పని ఉంటేనే విమానం.

లండన్ గడియారం ఒక గంట వెనుక ఉండటంతో, తొమ్మిదికి బయలుదేరిన విమానం అక్కడి సమయం ప్రకారం తొమ్మిదీ ఇరవైకే చేరినట్టు కనిపిస్తుంది. నేను మాత్రం ఉదయం ఆరున్నరకే ఇల్లు వదులుతాను. పాస్‌పోర్టు వరుస దాటి నగరంలోకి చేరేసరికి అక్కడ పదకొండుంబావు అవుతుంది. అంటే 370 కిలోమీటర్లకు ఐదుముప్పావు గంటలు, అందుకే అక్కడ మధ్యాహ్నం పన్నెండుకు ముందు ఏ సమావేశానికీ ఒప్పుకోను.