స్మోలోవ్ జూనియర్: స్క్వాట్ పెరిగింది, మెట్లు దిగడం మర్చిపోయా
స్మోలోవ్ జూనియర్ అనే మూడు వారాల బరువుల ప్రోగ్రామ్‌ని స్క్వాట్‌కి (భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) మాత్రమే చేశాను. వారానికి నాలుగు రోజులు: మాక్స్‌లో (ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు) 70 శాతంతో 6 సెట్లు, సెట్‌కి ఆరేసి రెప్స్ (సార్లు), 75తో 7 సెట్లు ఐదేసి, 80తో 8 సెట్లు నాలుగేసి, చివరి రోజు 85తో 10 సెట్లు మూడేసి. రెండో వారం నుంచి బరువు పెంచుతూ పోవాలి. కాగితం మీద సులువుగానే కనిపిస్తుంది గానీ, చివరి రోజు ఏడో సెట్ దాటాక బార్ కిందికి దూరాలంటేనే ఏడుపొచ్చేది, ఇంటికెళ్లాక మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగేవాణ్ణి. 140 కిలోల మాక్స్ 150 అయింది, అదీ నాలుగు రోజులు రెస్ట్ తీసుకున్నాకే లెండి. డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తడం) ఒక్క కిలో కదల్లేదు, దానికి ఓపికెక్కడిది! లెక్కలకి మాత్రం మీ మాక్స్ కాస్త తగ్గించే వేసుకోండి, నేను గొప్పకు పోయి మొదటి వారమే మోకాలు పట్టేసి కూర్చున్నాను.