విశాఖలో చిన్నపిల్లలతో ఒక పూట: జూ మేలా, కైలాసగిరి మేలా, ఇసుక మేలా?

దసరా సెలవులు, సంక్రాంతి, వేసవి... ఏది దగ్గరపడినా బంధువుల ఫోన్లలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "వదినా, విశాఖ వస్తున్నాం. బాబుకు మూడేళ్లు, పాపకు అయిదు. ఒక్క పూటే ఖాళీ. జూకు తీసుకెళ్లమంటావా, కైలాసగిరికా, బీచ్‌కా?"

మూడూ మంచివే. మా పిల్లలను మూడింటికీ తీసుకెళ్తూనే ఉంటాను. అయితే ఏడేళ్లలోపు పిల్లల విషయంలో టికెట్ ధర, దూరం, తిండి అన్నీ నా లెక్కలో తర్వాతే వస్తాయి. ముందు చూసేది ఒక్కటే: పిల్లవాడు ఆగిపోయిన చోట మనమూ ఆగగలమా?

పెద్దవాళ్లం ఒక చోటు చూడాలని బయలుదేరతాం. మూడేళ్లవాడికి ఆ పట్టింపు లేదు. పది అడుగులు వేసి చీమలబారు దగ్గర కూర్చుంటాడు. ఇంకో పది అడుగులు వేసి, మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం కారుతుంటే అక్కడ నిలబడిపోతాడు. వాడికి షికారంటే అదే. వెనక "పద పద, ఇంకా చాలా చూడాలి" అంటూ చెయ్యి లాగుతుంటే సాయంత్రానికి వాడికి ఏడుపు, మనకు విసుగు మిగులుతాయి.

ఈ లెక్కన కైలాసగిరి నా జాబితాలో కిందకు వస్తుంది. సముద్రమట్టానికి 173 మీటర్ల ఎత్తు, కొండకు రోప్‌వే, పైన చుట్టూ తిరిగే చిన్న రైలు, నలభై అడుగుల శివపార్వతుల విగ్రహం... ఎవరికైనా మనసు లాగుతుంది. అంత ఎత్తునుంచి తీరమంతా వంపు తిరిగి కనిపించడం నాకెంతో ఇష్టం. కానీ దూరాన్ని చూసి ఆనందించడం పెద్దల సరదా. నాలుగేళ్ల పిల్లను ఎత్తుకుని "అదిగో ఓడ, చూడు" అంటే మర్యాదకు ఒకసారి చూసి, మన మెడలో గొలుసుతో ఆడుకుంటుంది. రైలు మాత్రం అందరికీ నచ్చుతుంది. చిక్కల్లా పండగ రోజుల్లో వరుసలతోనే. రోప్‌వేకు ఒక వరుస, రైలుకు ఇంకొకటి. పరుగెత్తాలనిపించినప్పుడు నిలబడాలి, చూస్తూ నిలబడాలనిపించినప్పుడు దిగిపోవాలి. తాతయ్య, అమ్మమ్మ కూడా వస్తుంటే, ఎండ తగ్గాక వెళ్లి పచ్చికలో కూర్చునే ఓపిక ఉంటే అప్పుడు కైలాసగిరి హాయిగా ఉంటుంది.

జూ సంగతి వేరు. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలను 1977లో ప్రారంభించారు. 625 ఎకరాలు. పక్కనే కంబాలకొండ అడవి, ఇంకోవైపు సముద్రం. జాతీయ రహదారి వైపు ఒక ద్వారం, సాగర్‌నగర్ వైపు ఇంకొకటి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరమంతటితోపాటు ఇక్కడి చెట్లనూ కూల్చేసింది. ఆ దెబ్బ చూసిన నాకు ఇప్పుడు అక్కడ ఏ చెట్టు నీడ కనిపించినా సంతోషంగా ఉంటుంది.

పిల్లలతో వెళ్లేవారికి ఆ 625 ఎకరాలే బలం, ఆ 625 ఎకరాలే బరువు. పొద్దున తెరిచే వేళకే వెళ్తే జంతువులు తిరుగుతూ కనిపిస్తాయి. మధ్యాహ్నానికి చాలావరకు నీడన పడుకుంటాయి, మన పిల్లలకూ అదే నిద్రవేళ. అంతా చూసి రావాలనుకుంటే మాత్రం పూట పాడైనట్లే. టికెట్ కొన్నాం, ఇంత దూరం వచ్చాం, పులిని చూడకుండా ఎలా వెళ్తాం అనే ఆలోచన పెద్దల కాళ్లను తరుముతుంది. మూడు జంతువులు ఎంచుకోండి. చిన్నపిల్లలకైతే వాటిలో నీటిగుర్రం ఉండాలంటాను. నీళ్లలో ముందు ఏమీ కనపడదు. తర్వాత రెండు ముక్కుపుటాలు, రెండు కళ్లు తేలతాయి. చిన్న చెవులు టపటపా విదిలించి నీళ్లు చిమ్మి మళ్లీ మునిగిపోతుంది. మళ్లీ ఎప్పుడు తేలుతుందా అని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. అక్కడ అరగంట ఆగితే ఆగండి. పులి ఇంకో ఏడాదైనా ఉంటుంది.

ఇక ఇసుక. నా మొగ్గు దీనికే అని ఈపాటికి తెలిసే ఉంటుంది. బీచ్‌లో చూసి తీరాల్సింది ఏమీ లేదు, అందుకే తొందరా లేదు. అలలు అందని చోట, తడి మాత్రం మిగిలిన ఇసుకలో పిల్లలను కూర్చోబెట్టండి. పొడి ఇసుక గూడు కట్టడానికి నిలవదు, మరీ తడిది జారిపోతుంది, ఈ మధ్యదే సరైనది. అక్కడ జానెడు లోతు తవ్వితే గోతిలోకి అడుగునుంచి నీళ్లు ఊరతాయి. పైనుంచి ఎవరూ పోయకుండానే నీళ్లు రావడం చూసిన పిల్లల ముఖం చూడండి! కొంచెం అవతల పీతల బొరియలు. చుట్టూ ఇసుక గుట్టగా ఉంటే లోపల పీత ఇప్పుడే తవ్వుతోందన్నమాట. కదలకుండా కూర్చుంటే కాడల్లాంటి కళ్లు ముందు పైకి వస్తాయి, నీడ పడగానే మాయమవుతాయి. అల్లరిపిల్లలు కూడా ఇక్కడ గుసగుసగా మాట్లాడతారు. ప్లాస్టిక్ బొమ్మల సెట్టు కొనక్కర్లేదు. పాత స్టీలు గ్లాసు, చిన్న చెంబు, ఒక గరిటె చాలు. బయలుదేరే ముందు కాళ్లు ఆరనిచ్చి కాస్త పౌడరు చల్లి తుడిస్తే ఇసుక రాలిపోతుంది.

మన తీరం తూర్పుకు తిరిగి ఉంటుంది కాబట్టి పొద్దెక్కితే ఎండ సముద్రం మీదినుంచి నేరుగా కళ్లలో కొడుతుంది. తెల్లవారగానే వెళ్లండి, లేదంటే నాలుగు దాటాక వెళ్లండి. అప్పటికి సూర్యుడు వీపు వైపు ఉంటాడు. ఆర్‌కే బీచ్ ఊళ్లోనే ఉంటుంది, మురీ (మరమరాల) మిక్చర్ చేతికి అందుతుంది, జనమూ ఎక్కువే. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ కొంచెం దూరమైనా మరుగుదొడ్లు, ఒళ్లు కడుక్కోవడానికి మంచినీళ్లు ఉన్నాయి. పిల్లలున్నవారికి అది చిన్న విషయం కాదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇక్కడి సముద్రం ఒడ్డునే లోపలికి లాగుతుంది, ఈత వచ్చినవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పిల్లలకూ నీళ్లకూ మధ్య ఒక పెద్ద మనిషి నిలబడి తీరాలి, ఫోను సంచిలో ఉండాలి. పాదాలు తడుపుకోవాలంటే చెయ్యి పట్టుకునే. అందుకే ఇద్దరు పిల్లలతో ఒక్కరే వస్తుంటే నేను బీచ్ చెప్పను. అప్పుడు కంచెలున్న జూయే మేలు, సందేహం లేదు.

కురుసుర జలాంతర్గామి గురించీ అడుగుతారు. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ఆర్‌కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. లోపల ఇరుకు, ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి వంగి దూరాలి, వెనక వచ్చేవాళ్ల కోసం కదులుతూనే ఉండాలి. ఏడెనిమిదేళ్లు వచ్చాక అయితే ఎగిరి గంతేస్తారు. దగ్గర్లోనే 2017 నుంచి మ్యూజియంగా ఉన్న టీయూ-142 నౌకాదళ విమానం కూడా ఆ వయసువారికే. మాల్‌లోని ఆటల గదులు వాన రోజుకు పనికొస్తాయి.

వచ్చేది సోమవారమైతే ఎంపికతో పనేలేదు. జూకు సెలవు, కురుసురకూ సెలవు. సాయంత్రం నాలుగింటికి చెంబు, గ్లాసు పట్టుకుని రుషికొండకు వెళ్లిపోండి.