ఆటోనగర్‌లో ఒక సర్వీసు షెడ్డు: తీసిన ఆయిలు ఎటు పోతుందో చెప్పగలిగిన చోటు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కారుకు ఆయిలు మార్చే షెడ్లకు కొదవ లేదు, వాటి ధరల్లో పెద్ద తేడా కూడా కనిపించదు. అందువల్ల ఈ సమీక్షలో పనితనం గురించి క్లుప్తంగా చెప్పి, మనలో చాలామంది అడగని ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగుతాను: ఇంజన్‌లోంచి తీసిన నల్లని ఆయిలును, మార్చిన పాత బ్యాటరీని వీళ్ళు ఏం చేస్తున్నారు? కొంతకాలంగా మా కారునూ ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీనీ అప్పగిస్తున్న ఈ షెడ్డు పేరు మాత్రం రాయడం లేదు. ఇక్కడ గమనించిన విషయాలను ఎవరికి వారు తమ మెకానిక్ దగ్గర అడిగి చూసుకోవాలన్నదే నా ఉద్దేశం.

పని శుభ్రంగా ఉంటుంది, చెప్పిన సమయానికి బండి ఇస్తారు, బిల్లు ఇస్తారు. ఆ విషయంలో ఫిర్యాదు లేదు.

నన్ను ఆకట్టుకున్నది ఆయిలు తీసే పద్ధతి. ఇంజన్ కొంచెం వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ నట్టు విప్పుతారు, ఎందుకంటే వేడి ఆయిలు పలచగా ఉండి అడుగున పేరుకున్న మడ్డిని కూడా తనతో తీసుకొస్తుంది. కింద వెడల్పాటి పళ్ళెం పెడతారు. అది నిండాక గరాటుతో మూత ఉన్న డ్రమ్ములో పోస్తారు. పాత ఫిల్టర్‌ను వెంటనే చెత్తలో పడేయకుండా తలకిందులుగా పెట్టి, అందులో మిగిలిన ఆయిలు పూర్తిగా కారేదాకా ఉంచుతారు. బ్రేక్ ఆయిలు, కూలెంటు, విడిభాగాలు కడిగిన పెట్రోలు ఆ డ్రమ్ము దరిదాపులకు రానివ్వరు. ఒక కుర్రాడు తొందరలో కూలెంటు డబ్బాను డ్రమ్ము దగ్గరకు తీసుకెళ్ళబోతే పెద్ద మేస్త్రి ఆపి, "అది కలిస్తే ఆయిలు ఎవరూ తీసుకోరు నాయనా, పక్క డబ్బాలో పొయ్యి" అని చెప్పడం చూశాను. ఆ మాట అక్షరాలా నిజం. వాడిన ఆయిలు అరిగిపోదు. అందులో మసి, నీరు, లోహపు రజను చేరతాయి, కలిపిన రసాయనాలు మాత్రమే చచ్చుబడతాయి. వేడిచేసి నీటిని తొలగించి, శూన్యపీడనంలో ఆవిరిగా మార్చి తిరిగి చల్లార్చి, ఆపై శుద్ధి చేస్తే మూల ఆయిలు మళ్ళీ చేతికి వస్తుంది. వేరే ద్రవాలు కలిస్తే ఆ పని కష్టమై, చాలాసార్లు సాధ్యం కాకుండా పోతుంది.

ఇంత జాగ్రత్త దేనికని అడిగేవారికి మన ఊరి కాలువలే సమాధానం. ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్యగా సాగి డెల్టా పొలాలకూ, దిగువ గ్రామాల మంచినీటి చెరువులకూ నీరందిస్తాయి. ఒక్క కారుకు ఒకసారి మార్చిన ఆయిలు పది లక్షల గ్యాలన్ల, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు, మురుగుకాలువలో వదిలినది తిరిగి మన గడపకే చేరగలదని ఊరంతా చూసింది.

డ్రమ్ము నిండాక ఎవరికి ఇస్తారని యజమానిని అడిగాను. విసుక్కోకుండా, "లైసెన్సు ఉన్న కంపెనీకేనండీ, చీటీలన్నీ ఫైల్లో ఉన్నాయి, చూసుకోండి" అని తీసిచ్చారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిలును అనుమతి పొందినవారికే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆయిలు తయారుచేసే కంపెనీలకూ దీన్ని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత పెట్టారు. అయినా బయట ఈ ఆయిలును సెంట్రింగ్ చెక్కలకు పూయడానికీ, బట్టీల్లో కాల్చడానికీ కొనేవారు ఉన్నారు. పూసినది వర్షానికి మట్టిలోకి దిగుతుంది, కాల్చినది అందులోని లోహాలతో సహా పొగగా మన ఊపిరిలోకి వస్తుంది. వీళ్ళు ఖాళీ ఆయిలు డబ్బాలకు చిల్లు పొడిచిన తర్వాతే పాత సామాను వారికి ఇవ్వడం నాకు మరింత నచ్చింది. నకిలీ ఆయిలు నింపేవారికి ఆ డబ్బా ఇక పనికిరాదు.

బ్యాటరీల దగ్గరికి వస్తే అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ మార్పిడిలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పాతదాన్ని తూకం వేసి, ఆ విలువను బిల్లులో తగ్గించి, యాసిడ్ ఒలకకుండా నిలువుగా ట్రేలో పెట్టి పంపుతారు. బయట ఎవరైనా నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా ఆశపడవద్దని మనవి. అనుమతి లేనిచోట బ్యాటరీని పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ ధూళి చుట్టుపక్కల పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. సీసం విషయంలో సురక్షితమైన మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

లోపం చిన్న సెల్లుల దగ్గర ఉంది. రిమోట్ పెన్సిల్ సెల్లులు, గడియారపు బటన్ సెల్లులు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు తాము తీసుకోబోమని చెప్పారు. వాటికి తూకం ధర రాదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. 2001 నాటి పాత నిబంధనలు సీసం బ్యాటరీలకే పరిమితం, కానీ 2022లో వచ్చినవి అన్ని రకాల బ్యాటరీలకూ వర్తిస్తాయి, తిరిగి సేకరించే భారం తయారీదారులదే. కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు ఉన్న సెల్లును ఇంటి చెత్తలో వేయకూడదు. లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే మంట లేస్తుంది. బటన్ సెల్లును పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్ననాళం కాలిపోవచ్చు, అందుకే తీసిన వెంటనే రెండు వైపులా టేపు అంటించి పిల్లలకు అందని చోట పెట్టాలి.

యజమానికి నేను ఒకటే కోరాను: కౌంటరు మీద మూత ఉన్న పొడి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టి, లిథియం బ్యాటరీలకు కొనలకు టేపు వేసి మరో డబ్బాలో విడిగా ఉంచి, బ్యాటరీ వ్యర్థాలకు అనుమతి ఉన్నవారు వచ్చినప్పుడు రెండూ అప్పగించమని. ఆలోచిస్తామన్నారు. ఆ డబ్బాలు పెట్టేదాకా నా లెక్కలో ఈ షెడ్డుకు ఐదులో నాలుగు మార్కులు.